వీపు చూడకూడని రాణి

మాస్టారు చనిపోయి రెండు రోజులైనా ఆయన బల్ల మీది పెన్సిలు పొట్టు ఎవరూ ఊడ్చలేదు. ఇన్‌స్పెక్టర్ ఒదీల్ దోంగ్మో ఆ పొట్టు వంకే చూస్తూ కుర్చీలో కూలబడింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. రిటైరు కావడానికి ఇంకా పదకొండు నెలలుంది. ఆ పదకొండు నెలలూ కోళ్ళ దొంగతనాలతో, గట్టు తగాదాలతో గడిచిపోతే చాలని ఆమె కొండంత ఆశ పెట్టుకుంది. ఇంతలో ఇది వచ్చి పడింది.

బఫెండా రాచనగరులో పాత వస్తువులు దాచే ఇల్లు అది. రెండే గదులు. ముందు గదిలో జస్టిన్ టెమ్గువా మాస్టారు కూర్చుని వస్తువుల జాబితాలు రాసేవాడు. వెనక గదిలో సింహాసనాలు, కొయ్య ముసుగులు, పూసల కుండలు, వాటన్నిటి నడుమ గుడ్డ కప్పుకుని రాణి బొమ్మ ఉంటాయి. మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు కాపలావాడు లెకానే వచ్చి చూసేసరికి మాస్టారు ముందు గదిలో నిచ్చెన కింద మెడ విరిగి పడి ఉన్నాడు. నిచ్చెన ఆనించిన గోడకు ఒక పెద్ద బొమ్మల పటం వేలాడుతోంది. ఆ పటంలో అరచేయి మేర ముక్క లేదు.

ఇంకో మూడు వారాల్లో కొత్త రాజు దీక్ష గుడిసె నుంచి బయటికి రావాలి. రాజును అక్కడ ఫో అంటారు. ఫో వెలుపలికి అడుగుపెట్టేటప్పుడు రాణి బొమ్మ ముందు నడవాలి. దాన్ని కవలల తల్లులే మోస్తారు. రాజధాని నుంచి మంత్రులు కూడా వస్తారు కనక ఈ చావు సంగతి త్వరగా తేల్చమని కమిషనర్ జోఆని పంపించారు. ఆయన బుధవారం పొద్దున దిగి, సాయంత్రానికల్లా లెకానేని లోపల వేశాడు.

ఆ పొద్దున ఒదీల్ రాగానే ముందు పలకరించినవాడు వాబో. పాత ఫోకి తమ్ముడు. కొత్త ఫో దీక్షలో ఉన్నన్నాళ్ళూ నగరు చూసుకునేది ఆయనే. అరవై దాటినా మనిషి దూలంలా ఉంటాడు. ఒదీల్ ఇద్దరు కొడుకుల్ని ఒకే కాన్పులో కన్నది కాబట్టి అందరిలాగే ఆయనా ఆమెను మాగ్ని అనే పిలిచాడు. ఆ సీమలో కవలల తల్లికి అంతకంటే పెద్ద గౌరవం లేదు. రాజు ఎదురైనా ఆమె తల వంచనక్కర్లేదు.

ఆయన చెప్పవలసిందంతా నిన్ననే చెప్పాడు. ఆదివారం తరువాత ఈ ఇంటి గడప తొక్కలేదు. మంగళవారం పొద్దుటి నుంచీ ఒక పొలం తగాదా పంచాయితీలో ఉన్నాడు. పన్నెండున్నరకి భోజనాలకని లేచి, మూడింటికి మళ్ళీ కూర్చున్నారు. ఇవాళ మాత్రం గుమ్మం అవతలే నిలబడి, పటం వంక చూసి తల ఊపాడు.

"ఇంతటి చదువరి, మాగ్ని. ఆ పిసరంత సాలీడు బొమ్మ కోసం ప్రాణం పోగొట్టుకున్నాడు," అని వెళ్ళిపోయాడు.

ఒదీల్ చెవిలో ఆ మాట పడింది కానీ బుర్రకెక్కలేదు. రాత్రంతా నిద్ర లేదు.

ఆమె లేచి పటం ముందు నిలబడింది. వెడల్పు రెండు మీటర్ల పైనే. 1934లో ఫ్రెంచి వాళ్ళు వేసుకున్న కామెరూన్ పటం. ఊళ్ళ పేర్ల పక్కన మనుషుల బొమ్మలు. ఉత్తరాన ఈటెలు పట్టిన గుర్రపు రౌతులు, దక్షిణాన వలలు భుజాన వేసుకున్న అడవి వేటగాళ్ళు, సముద్రం ఒడ్డున పడవలవాళ్ళు, మధ్యలో ఏనుగు ముసుగులు తగిలించుకుని చిందులేసే కొండసీమవాళ్ళు. ఇలాంటిదే ఒకటి చిన్నప్పుడు ఆమె బళ్ళోనూ ఉండేది. తమ ఊరి పేరు వెతుక్కుని, పక్కన తమవాళ్ళెలా ఉన్నారా అని చూస్తే, బొమ్మలన్నిటికీ ఒకే మొహం. ఒకే నవ్వు. మనిషి మనిషికీ తేడా ఉంటుందన్న సంగతి గీసినవాడికి తట్టలేదు.

ఈ పటం గీసినవాడికీ తట్టలేదు. కానీ మనుషుల పక్కన వస్తువులు గీసేటప్పుడు మాత్రం వాడు ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడు. ఒక కుండ మెడ చుట్టూ పూసలు ఎన్ని వరసలో లెక్కపెట్టుకోవచ్చు. ఒక ఏనుగుదంతపు బూరాకి పడిన పగులు కూడా గీశాడు. ముందు అచ్చు తీయించి, ఈ ఒక్క ప్రతికి మాత్రం చేత్తో రంగులు వేశాడట. అరవై ఏళ్ళూ ఆ పటం వాళ్ళ ఇంటి అటక మీద చుట్ట చుట్టుకుని పడి ఉందట. మనవరాలెవరో దయతలచి రేకు గొట్టంలో పెట్టి టపాలో పంపింది. మాస్టారు ఆ గొట్టం మూత తీసింది సోమవారం మధ్యాహ్నం. మంగళవారం చనిపోయాడు.

కోసిన చోట అంచులు ముట్టుకుని చూసింది. నాలుగు వైపులా గీత గీసినట్టుంది. ఒక మూల పెన్సిలు గుర్తు కనిపించింది. పటానికి వెనక గుడ్డ అంటించి ఉంది. బ్లేడు కాగితాన్నీ గుడ్డనీ కలిపి తెగ్గోసింది. ఆ కంతలోంచి వేలు పెట్టి గోడ తడిమింది. సున్నం నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

అప్పుడు బల్ల దగ్గరికొచ్చి, కప్పిన గుడ్డ ఎత్తింది. చెక్క మీద నాలుగు కొత్త గాట్లు. జేబు రుమాలుతో కొలిచింది. అదే మేర.

గోడ మీద పటం పైకర్రను ఆపే మేకులు రెండూ రెండు చివర్లలో ఉన్నాయి. నిచ్చెన నడిమధ్య ఆనించి ఉంది. ఆ నిచ్చెన ఎక్కినవాడికి ఎడమ మేకూ అందదు, కుడి మేకూ అందదు. మేకుల కింద రెండు ముక్కాలిపీటలు వాటి మానాన ఉన్నాయి. ఒకదాని మీద ధూళిలో మాస్టారి రబ్బరు చెప్పుల గుర్తులు. రెండోదాని మీద తోలు బూటు మడమ గుర్తు, అర్ధచంద్రంలా.

గుమ్మం దగ్గర గొంతు వినిపించింది. కమిషనర్ జోఆ. వయసులో ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్న. ఇస్త్రీ మడతలు చూస్తే రాజధానిలో ఎర్రదుమ్ము ఉండదేమో అనిపిస్తుంది.

"అమ్మగారింకా ఇక్కడేనా? కేసు నిన్ననే అయిపోయింది."

"నా మోకాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదండి. వచ్చేశాయి."

ఆయన నవ్వలేదు. లెకానే తప్పు ఒప్పుకోకపోయినా ఏం పరవాలేదని, ఎవరికో అమ్ముకుందామని బొమ్మ కోస్తుంటే మాస్టారు పట్టుకున్నాడని, పెనుగులాటలో తోసేశాడని, మాస్టారు కొట్టిన దెబ్బకే వాడి చెంప బూరెలా వాచిందని వరసపెట్టి చెప్పాడు. ఒదీల్ అంతా విని, పటం ఒక కొస పట్టుకోమంది.

"నేనా?"

"మీరే. నాకింకెవరున్నారు?"

ఆయన విసుక్కుంటూనే పీట ఎక్కాడు. ఆమె రెండో పీట ఎక్కింది. ఇద్దరూ ఒకేసారి ఎత్తితే తప్ప కర్ర మేకుల్లోంచి రాలేదు. దించి, ముఖం కిందికి ఉండేలా బల్ల మీద పరిచారు. ఇస్త్రీ చొక్కా మీద సున్నం పడింది.

"చూశారుగా," అంది ఆమె. "ఒక్క మనిషి వల్ల కాని పని. బల్ల మీద పెట్టి స్కేలుతో కోశారు, ఆ తరువాతే ఇద్దరూ పట్టుకుని తగిలించారు. దొంగ అయితే ముక్క కోసుకుని పారిపోతాడు. పటాన్ని గోడకెందుకు తగిలిస్తాడు? కోసింది మాస్టారే. పెన్సిలు ఆయనది, స్కేలు ఆయనది. రెండో పీట ఎక్కినవాడు ఎవరో ఆయనకి బాగా తెలిసిన మనిషి. తోలు బూట్ల మనిషి. లెకానేకి ప్లాస్టిక్ చెప్పులు తప్ప ఇంకో జోడు లేదు. నిచ్చెన ఆ తరువాత తెచ్చి పెట్టారు, పడిపోయాడనుకోవడానికి."

"మరి చెంప?"

"నోరు తెరవమని చూశారా?"

ఆమె సంచిలోంచి ఒక చీటీ తీసి ఇచ్చింది. దవాఖానా రిజిస్టరు నుంచి రాసుకొచ్చింది. మంగళవారం ఒంటిగంటకు లెకానేకి కుడి దవడ పన్ను పీకారు. రెండింటిదాకా నెత్తురు ఆగక అక్కడే కూర్చోబెట్టారు. అక్కణ్ణించి ఇక్కడికి నడక అరగంట పైనే. డాక్టరు లెక్క ప్రకారం మాస్టారు చనిపోయింది ఒంటిగంటకీ రెండుకీ మధ్య.

కమిషనర్ ఆ చీటీ రెండుసార్లు చదివాడు. తన వెనక పల్లెటూరి స్టేషను వాళ్ళు ఇంత చేశారని ఒక్క ముక్క చెప్పలేదేమని అడిగాడు. నిన్న మూడుసార్లు చెప్పబోతే తమరు మూడుసార్లూ ఫోనులో ఉన్నారని ఆమె అంది. చొక్కా మీది సున్నం దులుపుకుంటూ ఆయన బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "అయితే వాణ్ణి వదిలేస్తాను. హంతకుణ్ణి మీరే పట్టుకోండి. తీరికగా," అన్నాడు.

గెలిచినందుకు ఆమెకు సంతోషమేమీ కలగలేదు. పది గంటలకే మధ్యాహ్నమైనంత అలసట.

ఒంటరిగా మిగిలాక మాస్టారి భార్య నిన్న చెప్పినది మళ్ళీ గుర్తు చేసుకుంది. అరిటాకుల మీద కూర్చుని, కళ్ళెత్తకుండా చెప్పింది ఆవిడ. సోమవారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. చూడకూడనిది చూశానన్నాడు. స్టేషనులో ఉండే ఇన్‌స్పెక్టరమ్మ కవలల్ని కన్న మాట నిజమేనా అని అడిగాడు. మర్నాడు ఒంటిగంటకు ఆవిడ చామదుంపల ముద్ద, పసుపు పులుసు తీసుకొస్తే తలుపు లోపల గడియపెట్టి ఉంది. లోపల ఇద్దరి గొంతులు, ఆయనదీ ఇంకొక మగమనిషిదీ. మర్యాదగానే మాట్లాడుకుంటున్నారు. పెద్దవాళ్ళెవరో వచ్చారనుకుని గిన్నె కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది.

సోమవారం నాలుగింటికి స్టేషనుకు ఫోను వచ్చింది. రాసుకున్న కాగితం ఒదీల్ బల్ల మీద పెట్టారు. "టెమ్గువా మాస్టారు. కవలల తల్లి అయిన ఇన్‌స్పెక్టరుతోనే మాట్లాడాలట." ఆమె దాన్ని చదివింది. పేరంటానికో, పిల్లల దీవెనకో పిలుపు అనుకుంది. రేపు చూద్దాంలే అని పుస్తకం కింద పెట్టింది. ఆ రేపు మధ్యాహ్నం ఇక్కడికే వచ్చింది, శవాన్ని చూడటానికి. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరూ తప్పుపట్టరు. ఆమెకు మటుకు రెండు రాత్రులుగా ఆ కాగితమే కళ్ళ ముందు ఆడుతోంది.

పటం వీపు వైపు గుడ్డ గోధుమరంగు తిరిగి ఉంది. కిటికీ తలుపు ఇంకాస్త తోసింది. వెలుగు ఏటవాలుగా పడేసరికి గుడ్డ మీద ఏవో మరకలు తేలాయి. వంగి చూసింది. మరకలు కావు, బొమ్మలు. తుప్పురంగులో, పలచగా, అద్దంలో చూసినట్టు కుడిది ఎడమై. ఇక్కడ ఒక ఈటె, అక్కడ ఒక పడవ. ఆమెకు అర్థమైంది. అరవై ఏళ్ళు చుట్టగా ఉండటంలో ఒక పొర మీది రంగు రెండో పొర వెనక గుడ్డకు అంటుకుంది. కోసిన ముక్క వెళ్ళిపోయింది గానీ దాని నీడ మిగిలే ఉండాలి.

కంత నుంచి జానెడు అవతల దొరికింది. రాణి బొమ్మ. చేతిలో గిన్నె, మోకాళ్ళ మీద కూర్చున్న తీరు, అంతా అందరూ చెప్పుకునేదే. అయితే గీసినవాడు ముందు నుంచి గీయలేదు. పక్కకు జరిగి, వెనక నుంచి గీశాడు. వీపంతా కనిపిస్తోంది. రెండు భుజాల మధ్య, పూసలతో కుట్టిన పెద్ద సాలీడు. ఎనిమిది కాళ్ళూ లెక్కపెట్టేలా ఉన్నాయి.

రాణి వీపును కవలల తల్లులు తప్ప ఎవరూ చూడకూడదు. మగవాళ్ళు అసలే చూడకూడదు. ఆ దొరకి ఈ కట్టుబాటు ఎవరూ చెప్పి ఉండరు, లేదా చెప్పినా లెక్కచేసి ఉండడు. మాస్టారు పటం విప్పి చూసి హడలిపోయాడు. నలుగురూ వచ్చే చోట దాన్ని వేలాడదీయలేడు. అంత మంచి పటాన్ని చింపలేడు. అందుకే ఆ మేర పద్ధతిగా కోశాడు, చూడగలిగిన మనిషి చేతికి ఇద్దామని ఆమెకు ఫోను చేశాడు. ఆ ముక్క ఇప్పుడు ఆయన దగ్గర లేదు. రెండో పీట ఎక్కినవాడి దగ్గర ఉంది.

ఆమె నిటారుగా లేచి నిలబడింది. సాలీడు.

ఆ ముక్కలో సాలీడు ఉందని వాబోకి ఎలా తెలుసు? సోమవారం దాకా పటం గొట్టంలో ఉంది. మంగళవారం ఒంటిగంటకి ముక్క తెగిపోయింది. రాణి ముందు వైపు ఎక్కడా సాలీడు లేదు. జోఆకి గానీ లెకానేకి గానీ ఆ ముక్కలో ఏముందో తెలియదు, ఉత్త "బొమ్మ" అనే అన్నారు. ఆదివారం తరువాత గడప తొక్కలేదన్నవాడు మాత్రం సాలీడు అన్నాడు.

వెనక గది తాళం మాస్టారి తాళపుచెవుల గుత్తితో తీసింది. బయట జీపు దగ్గరున్న కానిస్టేబుల్‌ని పిలిచి గుమ్మంలో అటు తిరిగి నిలబడమంది. ఆ మాట పూర్తి కాకముందే అతను తిరిగాడు. రాణి మీది గుడ్డ తీసి, ఆమె వెనక్కి నడిచింది. ఆ నాలుగడుగులూ వేయడానికి తనకు హక్కు ఉందని తెలిసినా ఆగి ఆగి వేసింది.

వీపు మీద నీలం పూసలు, తెల్ల పూసలు, గళ్ళు గళ్ళుగా, అందంగానే ఉన్నాయి. సాలీడు లేదు. ఎప్పుడూ ఉన్న జాడా లేదు. గళ్ళలో ఒక్క చోట కూడా అతుకు కనిపించలేదు. ఈ రాణి వేరే రాణి.

రాణి ఇంతకుముందు బయటికొచ్చింది 1951లో. నలభై మూడేళ్ళు. ఆనాడు మోసిన తల్లులు దాదాపు అందరూ మట్టిలో కలిశారు. ఇంకో మూడు వారాల్లో కొత్త తల్లులు ఎత్తుకుంటే ఎవరికీ తెలియకపోనూవచ్చు.

పూసల పని తెలిసినవాడు బఫెండాలో ఒక్కడే. ముసలి సొన్నా. ఒదీల్ వెళ్ళేసరికి పన్నెండైంది. వసారాలో కూర్చుని సూదిలోకి దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. ఆమె దారం తీసుకుని ఎక్కించి ఇచ్చింది. ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుంది.

"తాతా, రాణి వీపు మీద గళ్ళు కుట్టింది నువ్వేనా?"

ముసలాయన సూది కింద పెట్టేశాడు.

"నువ్వు వెనక్కి వెళ్ళి చూశావన్నమాట," అన్నాడు. "వెళ్ళగలిగినదానివే. ఇంకెవరు అడిగినా చెప్పేవాణ్ణి కాదు మాగ్ని."

"గళ్ళెందుకు కుట్టావు?"

"మరేం కుట్టను? మగపుట్టుక పుట్టాను. అసలు వీపు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ముందు వైపు పూస పూస లెక్కపెట్టి కుట్టాను. వెనక్కి వచ్చేసరికి, ఏదో ఒకటి నిండుగా ఉంటే చాలని మా ఆవిడ దుప్పటి చూసి కుట్టాను." నవ్వబోయి ఆగిపోయాడు. "మంచి దుప్పటి అది."

తక్కినదంతా ఒక్కొక్క ముక్కగా రాబట్టింది. నాలుగేళ్ళ కిందట చుట్టుపక్కల రెండు నగరుల్లో సింహాసనాలు పోయాయి. పాత ఫో భయపడ్డాడు. మాస్టారిని పిలిచి, రాణికి నకలు చేయించి అసలుదాన్ని దాచెయ్యమన్నాడు. కొయ్య చెక్కిందీ సొన్నాయే, పూసలు కుట్టిందీ సొన్నాయే. నకలు తయారయ్యాక మాస్టారొచ్చి, దాన్ని నగరులో పెట్టి, అసలు రాణిని మూటకట్టి తీసుకుపోయాడు. ఎక్కడికో సొన్నాకి చెప్పలేదు. ఫో చనిపోయాడు. ఇప్పుడు మాస్టారూ పోయాడు.

"వాబోకి తెలుసా ఇది?"

"అప్పుడు తెలియదు. పోయిన నెల ఎవరో పరదేశిని వెంటబెట్టుకుని రాణి ఫోటోలు పట్టుకొచ్చాడు. ముందువీ, వెనకవీ. వెనకది చూడను బాబూ అని కళ్ళు మూసుకున్నాను. పూసలు ఎంత పాతవో ఆ దొరకి చెప్పమన్నాడు." ముసలాయన గొంతు చిన్నదైంది. "చాలా పాతవని చెప్పాను. నా చేత్తో కుట్టినవి."

ఒదీల్‌కి మంగళవారం మధ్యాహ్నం కళ్ళకు కట్టినట్టయింది. రాణిని అమ్మేసుకుందామని వాబో అప్పటికే వెనక్కి వెళ్ళి ఫోటో తీశాడు. గళ్ళు చూశాడు. పంచాయితీ భోజనాల వేళ మాస్టారి గదికి వచ్చి, పటం తగిలించడానికి సాయం పడుతూ ఆ ముక్క చూశాడు. సాలీడు చూశాడు. తను బేరం పెట్టుకున్నది నకలని ఆ క్షణంలో తెలిసిపోయింది. అసలుది ఎక్కడని అడిగాడు. మాస్టారు చెప్పలేదు. చెప్పి ఉంటే ఇవాళ వాబో ఇంకా ఇక్కడ తిరుగుతూ ఉండడు.

"తాతా, అసలు రాణి బరువెంత ఉంటుంది?"

"ఇద్దరు మోయాలి."

"మాస్టారితో వచ్చిన రెండో మనిషి ఎవరు?"

"లెకానే. ఇంకెవరు? నగరు బంటు వాడు. నాలుక కోసినా చెప్పడని పాత ఫో తానే వాణ్ణి ఎంచాడు." సొన్నా ఆమె మొహం చూసి తడబడ్డాడు. "ఏం? ఇదే మాట పొద్దున పెద్దాయనా అడిగాడు. ఎనిమిదింటికి వచ్చాడు. ఫో తరవాత ఫో అంతటివాడు, అడిగితే లేదనగలనా? చెప్పాను."

దవాఖానాలో ఫోను ఉంది. అక్కడికి పోవడానికి జీపులో పది నిమిషాలు పట్టింది. లైను కలవడానికి ఇంకో పది. అంతసేపూ నర్సు ఆమె కోసం తెచ్చిన మంచినీళ్ళ గ్లాసు పట్టుకునే నిలబడింది. ఆఖరికి జోఆ దొరికాడు.

లెకానేని బయటికి వదలొద్దని, వదిలితే ఒంటరిగా వదలొద్దని ఆమె గబగబా చెప్పింది.

"పదకొండుంబావుకే వదిలేశాను," అన్నాడాయన. "మీరే కదా వాడు నిర్దోషి అని నా మొహాన చీటీ పెట్టారు. నగరు తరఫున పూచీ పడతానని వాబోగారే కారు వేసుకొచ్చారు. మర్యాదస్తుడు. వాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. సంతకం కూడా పెట్టారు, చూస్తారా?"

ఆమె ఫోను పెట్టకుండా బల్ల మీద వదిలేసి మళ్ళీ సొన్నా దగ్గరికి జీపు తిప్పించింది. లెకానే నోరు విప్పడు, నిజమే. కానీ నగరు పెద్ద ఆజ్ఞాపిస్తే విప్పకుండా ఉండటం బంటుకు తెలియదు. రాణిని కొత్త ఫో కోసం తీసుకురావాలంటే మనస్ఫూర్తిగా దారి చూపిస్తాడు.

రాణిని దేని మీద తీసుకెళ్ళారని అడిగింది. తన తోపుడుబండి మీదే అన్నాడు సొన్నా. రెండు గంటల్లో తిరిగి తెచ్చి ఇచ్చారట. చక్రాలు కడగలేదని మాస్టారితో పోట్లాడాడట. ఏం మట్టి అంది ఆమె. నల్ల బురద, వారం రోజులు వదల్లేదన్నాడు.

ఆ కొండల్లో నేలంతా ఎరుపే. నల్ల బురద ఉండేది లోయ అడుగున, రాఫియా తాటిచెట్ల దగ్గర. నగరు నుంచి బండి తోసుకుని రెండు గంటల్లో వెళ్ళి రాగలిగిన లోయ ఒక్కటే.

ఒంటిగంటన్నరకు జీపు లోయ దారి చివర ఆగింది. వాబో కారు అక్కడే ఉంది. నీడకు చేరి డ్రైవరు వేరుశనగలు ఒలుచుకుంటున్నాడు. నడివయసు మనిషి. మాగ్నిని చూసి లేచి, రెండు చేతులూ జోడించి పలకరించాడు. ఒదీల్ లెకానే ఎక్కడని అడిగింది.

"పెద్దాయనా వాడూ కలిసి లోపలికెళ్ళారు మాగ్ని. పన్నెండు గంటలప్పుడు."

"ఇంకా రాలేదా?"

"పెద్దాయన ఒకసారి వచ్చాడు. ఒక్కడే. బూట్ల నిండా బురద. డిక్కీలోంచి పార తీసుకుని మళ్ళీ వెళ్ళాడు." డ్రైవరు వేరుశనగ పొట్టు ఊదేసుకుంటూ కాస్త ఆలోచించాడు. "సాయానికి నేనూ రానా అంటే వద్దన్నాడు. లెకానే ఉన్నాడు కదా అన్నాను. వాడితో ఇక పనిలేదన్నాడు."

ఒదీల్ కానిస్టేబుల్‌ని జీపులో వెనక్కి పంపింది, జోఆని తీసుకురమ్మని. డ్రైవరు చేతిలోంచి కారు తాళంచెవి తీసుకుని జేబులో వేసుకుంది. తాటిచెట్ల మధ్య బురదలో రెండు జతల అడుగులు లోపలికి వెళ్ళాయి. ప్లాస్టిక్ చెప్పులవి ఒకటి, అర్ధచంద్రపు మడమ ఉన్నవి ఒకటి. బయటికి వచ్చినవి, మళ్ళీ లోపలికి వెళ్ళినవి మడమ అడుగులే. ఎక్కడో లోపల, తడి నేలలో పార దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె పిస్తోలు ఒర బటను విప్పి, ఆ చప్పుడు వైపు నడిచింది. ఇరవై అడుగులు వేసిందో లేదో, చప్పుడు ఆగిపోయింది.